హెచ్చరిక మ్రోగిన గడియ

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము



ఈ అధ్యాయమును మనము చిన్ననాటనుండి ఆదివారపు బడిలో విన్నవారమే. ఓడ పగిలిన కథయని పిల్లలకు చెప్పుదుము. చెక్క పలకలు పట్టుకొని ఒడ్డుకు చేరుచున్నవారి బొమ్మను గోడకు తగిలించి చూపుదుము. అయితే ఓడ పగిలినది అధ్యాయము చివరను. అపాయము మొదలైనది మంచిరేవులు అను చోటను, అందరును స్థిమితముగా కూర్చుండి ఆలోచన చేయుచున్నప్పుడు. కాలము మించిపోయినది, ఇక ముందుకు పోయిన యెడల సరకుకే గాక ప్రాణములకును నష్టము కలుగునని ఖైదీగా ఉన్న పౌలు ముందుగానే చెప్పెను. శతాధిపతియైన యూలి ఆ మాటను ప్రక్కకు పెట్టి, ఓడ నడుపువానిని, ఓడ యజమానుని నమ్మెను. ఆయనను తప్పుపట్టుట సులభము కాదు. ఒకడు సముద్రమును ఎరిగినవాడు, ఒకడు ఓడకు సొమ్ము పెట్టినవాడు. ఇటు చూడగా సంకెళ్ళలోనున్న మనిషి. మనమైనను అట్లే చేసియుందుము.

తరువాత జరిగినదానిని నిదానముగా గమనించుడి. పెనుగాలి వెంటనే రాలేదు. మొదట దక్షిణ దిక్కునుండి చిన్న గాలి, వారు కోరుకొన్న గాలియే, తగిలినది. పౌలు చెప్పినది తప్పయ్యెనని వారికి ధైర్యము పుట్టియుండును. లంగరు ఎత్తిరి. ఆ చిన్న గాలియే వారిని రేవు విడిపించినది. అటుపిమ్మట క్రేతు దీవి మీదనుండి ఊరకులోను వారిమీద పడినది.

పోయిన నెలలో మన సంఘములోని ఒక తల్లి నాయొద్దకు వచ్చినది. ఆమె కుమారుడు కువైటు పోవుటకు వీసా వచ్చినది. గోదావరి జిల్లాలలో గాని, నిజామాబాదు, కరీంనగరము వైపున గాని ఇట్టి తల్లి లేని వీధి ఈ దినములలో అరుదు. "అయ్యగారూ, ఆకాశములో గాలివాన పట్టుకొంటే విమానము నడిపే ఆయన ఏమి చేస్తాడండీ? ప్రార్థన చేస్తాడా?" అని అడిగినది. "చేయువాడే కావచ్చునమ్మా, గాని ఆయన చేతులు మాత్రము వేరొక పనిలో ఉండును" అని చెప్పితిని. ఆమెకు చెప్పినది సంఘమునకును చెప్పవలెనని తోచినందున ఈ మాటలు వ్రాయుచున్నాను.

వేసవి చివరను సాయంకాలము మబ్బు కమ్ముకొనును. ఇంకను ఒక్క చినుకైన పడకముందే చల్లని గాలి దుమ్ము రేపుకొనుచు వచ్చి, కళ్ళములోని పొట్టును ఎగురగొట్టును. "వాన గాలి వచ్చింది, ధాన్యము కప్పండి" అని కేకలు వేయుదురు. ఆ గాలి ఎక్కడిది? మబ్బులోనుండి జారు వాన దారిలో కొంత ఆవిరియగును. అందువలన చుట్టునున్న గాలి చల్లబడి, బరువెక్కి, నిట్టనిలువుగా నేలకు దిగును. నిండు బిందెను వాకిట గుమ్మరించి చూడుడి. నీరు నేలను తాకి నాలుగు వైపులకు చిమ్మును. గాలియు అట్లే చిమ్మును. మన ముఖమునకు చల్లగా తగిలినది ఆ చిమ్మిన గాలి అంచు. రైతునకు అది హాయి. భూమికి దగ్గరగా దిగుచున్న విమానమునకు అది మృత్యువు కాగలదు.

దీనిని కనుగొన్నవాడు టెత్సుయా ఫుజిటా అను జపాను దేశస్థుడు. ఆయన 1945లో అణుబాంబు పడిన తరువాత నాగసాకికి పోయి, ప్రేలుడు ఎంత ఎత్తున జరిగినదో తెలిసికొనుటకు నేలమీది గుర్తులను పరీక్షించెను. చెట్లు ఒక చోటునుండి నలుదిక్కులకు, నక్షత్రపు కిరణములవలె, పడియుండెను. దాదాపు ముప్పది సంవత్సరముల పిమ్మట, షికాగో విశ్వవిద్యాలయములో పండితుడుగా నున్నప్పుడు, 1974 ఏప్రిలులో అమెరికాలో పెద్ద సుడిగాలులు వచ్చినవి. ఆ నష్టమును ఆయన చిన్న విమానములోనుండి చూచుచుండగా ఒక అడవిలో చెట్లు సుడి తిరిగినట్లు గాక, ఆ నాగసాకి చెట్లవలెనే పడియుండుట కనబడినది. పైనుండి ఏదో దిగి నేలను కొట్టినదని ఆయన గ్రహించెను. 1975 జూన్ 24న న్యూయార్కులో కెన్నెడీ విమానాశ్రయమునకు దిగుచున్న ఈస్టర్న్ వారి 66వ నంబరు విమానము కూలి 113 మంది చనిపోయినప్పుడు, దానిని పరీక్షించుటకు ఫుజిటాను పిలిచిరి. ఆ దిగు గాలికి ఆయన డౌన్‌బర్స్ట్ అనియు, దానిలో చిన్నదానికి మైక్రోబర్స్ట్ అనియు పేరు పెట్టెను. రెండున్నర మైళ్ళకు మించని వెడల్పు, కొన్ని నిమిషముల ఆయుస్సు, అంతే. తోటి పండితులలో అనేకులు ఒప్పుకొనలేదు. 1978లో షికాగో దగ్గరను, 1982లో డెన్వర్ దగ్గరను రాడార్లు పెట్టి చూచిన తరువాతనే ఆ సందేహము తీరినది.

ఆ న్యూయార్కు దినమును గూర్చి ఒక్క సంగతి మీరు వినవలెను. అంతకు కొద్ది నిమిషముల ముందు సరకుల విమానమొకటి అదే బాటమీద దిగినది. దాని పైలటు, నేల దగ్గర గాలి భయంకరముగా మారుచున్నది, వేరొక బాటను వాడుడని రేడియోలో చెప్పెను. దాని వెనుక వచ్చిన మరియొక విమానము దిగలేక, కష్టముమీద తప్పించుకొని పైకి పోయి, తనకు జరిగినదానిని తెలిపెను. ఆ కబురును 66వ నంబరు విమానములోనివారికి అందజేసిరి. వారు విన్నామని బదులు చెప్పిరి. విని, దిగుటకు వచ్చిరి. చనిపోయిన వారిమీద రాయి వేయుటకు నేను రాలేదు. అప్పటికి ఆ గాలి బలమును ఎరిగినవాడు లోకములో ఇంచుమించు ఒక్కడే. అయినను ముందు పోయినవాడు పంపిన కబురు వారికి చేరియుండెను.

ఇప్పుడు ఆ గాలి చేయు మోసమును వినుడి. రెక్కలమీదుగా గాలి వేగముగా పోవుటవలననే విమానము నిలుచును. దిగుచున్న విమానము ఆ గాలిపట్టున ప్రవేశించునప్పుడు మొదట ఎదురుగాలి తగులును. ఎదురుగాలి వలన రెక్కలకు బలము హెచ్చును. వేగము చూపు ముల్లు పైకి పోవును. విమానము తేలికగా లేచును. ఎరుగని పైలటు, "ఎక్కువ వేగముతో వచ్చుచున్నాను" అనుకొని ఇంజను తగ్గించును. ఆ గడియకే నడిమికి వచ్చును. అక్కడ గాలి పైనుండి క్రిందికి నొక్కును. దాని దాటగానే గాలి వెనుకనుండి తోయును. ఎదురుగా 20 నాట్లు ఉన్న గాలి వెనుకకు తిరిగి 20 నాట్లయిన యెడల, రెక్కలకు 40 నాట్ల వేగము కొన్ని క్షణములలో పోవును. మన లెక్కలో అది గంటకు 70 కిలోమీటర్లకు పైమాట. తగ్గించిన ఇంజను మరల పూర్తి బలము నందుకొనుటకు ఏడెనిమిది సెకండ్లు పట్టవచ్చును. నేల కొన్ని వందల అడుగుల దూరములోనే ఉన్నది.

మంచిరేవులలో తగిలిన చిన్న గాలి ఇదియే గదా! విమానమునకు కలిగిన ఆ మొదటి లాభమే రానున్న నష్టపు గుర్తు. ఈ దినములలో పైలట్లకు ఇట్లు నేర్పుదురు: దిగునప్పుడు కారణము లేకుండ వేగము హెచ్చిన యెడల సంతోషింపవద్దు, అనుమానింపుము. మనలో పంట ఒక్కసారి విరగబడి పండిన సంవత్సరమునే అప్పు పత్రమునకు వ్రేలిముద్ర వేసినవారు ఉన్నారు. అది వేరొక దినమున చెప్పుకొందము.

1985 ఆగస్టు 2న డల్లాస్ దగ్గర డెల్టా వారి 191వ విమానమునకు సరిగా ఈ క్రమములోనే జరిగినది. ఎదుట మబ్బులో మెరుపు కనబడినది. వేగము మొదట హెచ్చినది. ఇది ఒక్కసారి పడిపోవునని పెద్ద పైలటు తన తోటివానిని ముందుగా హెచ్చరించెను కూడను. ఆయనకు తెలియును. అయినను గాలి వారిని విడువలేదు. దారిన కారులో పోవుచున్న ఒకనితో కలిపి 137 మంది ప్రాణములు పోయినవి. ఆ తరువాత అమెరికా ప్రభుత్వము, విమానములు చేయువారును కలిసి, పైలట్లకు నేర్పుటకు 1987లో ఒక పాఠ్యక్రమమును సిద్ధపరచిరి. విమానాశ్రయముల యొద్ద ప్రత్యేకమైన రాడార్లు నిలిపిరి. విమానముల ముక్కులోనున్న రాడారు ముందున్న గాలిని చూచి చెప్పునట్లు చేసిరి. 1994 జూలై 2న షార్లెట్ నగరములో 37 మంది చనిపోయిన తరువాత ఆ దేశములో ఇట్టి ఘోరములు మిక్కిలి అరుదైపోయినవి.

వారికి నేర్పిన క్రమమేమనగా: కాక్‌పిట్‌లో "విండ్‌షియర్" అని యంత్రపు స్వరము పలికినంతనే, దిగవలెనను తలంపు విడిచిపెట్టవలెను. ఇంజనులకు ఉన్న బలమంతయు ఇయ్యవలెను. రెక్కలను సమముగా నిలిపి ముక్కును పైకెత్తవలెను. బోయింగు విమానములలో మొదట 15 డిగ్రీలకు. చక్రములను ముట్టకూడదు, ఫ్లాపులను ముట్టకూడదు. గాలి దాటువరకు ఉన్నది ఉన్నట్లే ఉండవలెను. ప్రక్కనున్నవాడు నేలకు ఎంత ఎత్తున ఉన్నామో గట్టిగా చెప్పుచుండవలెను. పుస్తకము తెరచి చూచుటకు వేళ లేదు గనుక దీనిని కంఠస్థము చేయుదురు. నేలమీదనే నిలిచియుండి విమానమువలె ఊగు యంత్రమొకటి ఉన్నది, సిమ్యులేటరందురు. అందులో కూర్చుండి మరల మరల చేసి చూపవలెను.

ఇందులో కఠినమైనది ఒకటి కలదు. వేగము పడిపోవుచున్నప్పుడు ముక్కు దించి వేగము తెచ్చుకొనుమని పైలటు మొదటి దినమునుండి నేర్చుకొనియున్నాడు. అతని చేతులకు అలవాటైనది అదే. ఈ గాలిలో, నేల దగ్గరను, అదే చావు. పోయిన వేగమును వెంబడింపవద్దు. మిగిలిన వేగమును ఖర్చుపెట్టి ఎత్తును నిలుపుకొనుము అని నేర్పుదురు. ఇక లేవదు, రెక్కలు పట్టు తప్పబోవుచున్నవి అను హద్దున చేతిలోని కాడి గడగడ వణకును. ఆ వణకు తగులు హద్దువరకు ముక్కును ఎత్తి, దాని మించక, అక్కడనే పట్టియుంచవలెను. చేతిలోనిది వణకుచుండగా వదలక పట్టియుండుట యోబు వంటివారి పని. విమానములో దానిని ఇరువది ఎనిమిదేండ్ల యువకుడొకడు చేయవలసియుండును.

గాలిని గూర్చి ఇంత చెప్పితిని. కొండను గూర్చి కొంచెము చెప్పవలెను, ఏలయనగా మన హృదయములు ఎక్కువగా బయటపడునది అక్కడనే.

ఇంజను చెడక, రెక్క విరుగక, అన్నియు చక్కగా పనిచేయుచుండగా చీకటిలోనో మేఘములోనో విమానము నేరుగా పోయి కొండను కొట్టుకొనుట ఒకప్పుడు తరచుగా జరిగెడిది. 1971 సెప్టెంబరు 4న అలాస్కాలో జూనో పట్టణము దగ్గర ఇట్లే 111 మంది చనిపోయిరి. కెనడా దేశములో పుట్టిన డాన్ బేట్‌మన్ అను ఇంజనీరు ఇందునకు మందు వెదకుచుండెను. విమానము క్రిందినుండి రేడియో తరంగము నేలను తాకి తిరిగివచ్చు కాలమునుబట్టి ఎత్తు తెలియును. ఆ ఎత్తు మితిమీరి తగ్గుచున్న యెడల కేక వేయు పెట్టెను ఆయన చేసెను. 1974 డిసెంబరు 1న వర్జీనియాలో మరియొక విమానము కొండను తాకి 92 మంది మరణించిన తరువాత, పెద్ద విమానములన్నిటిలో ఆ పెట్టెను పెట్టవలెనని అమెరికా ప్రభుత్వము ఆజ్ఞ ఇచ్చినది.

అయితే మొదటి పెట్టెలు అపాయము లేనప్పుడును కేకలు వేసెడివి. పైలట్లు విసిగి వాటిని నమ్ముట మానిరి. కావలివాడు ప్రతి రాత్రియు ఊరక బూర ఊదిన యెడల ఊరివారు దుప్పటి ముసుగుపెట్టుకొని పండుకొందురు. యెహెజ్కేలు 33వ అధ్యాయము కావలివానిని గూర్చి ఎంత గట్టిగా చెప్పుచున్నదో బోధకులమైన మేము మరువకూడదు. ప్రతి చిన్నదానికి నరకమని అరచు బోధకుని మాట, నిజముగా అపాయము వచ్చిన దినమున ఎవరు విందురు? బేట్‌మన్ పైలట్లను నిందింపక తన పెట్టెనే సంవత్సరముల తరబడి బాగుచేసెను. ఇంకొక లోపము కూడ ఉండెను. ఆ పెట్టె క్రిందికి మాత్రమే చూచును. ఎదుట నిట్టనిలువుగా లేచిన కొండ దానికి చివరి సెకండ్లవరకు తెలియదు. అందుచేత లోకములోని కొండలన్నిటి ఎత్తులను విమానములో దాచిపెట్టవలెనని ఆయన తలంచెను. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయిన తరువాత ఆ దేశమువారు గీసిన పటములను కూడ ఆయన బృందమువారు కొని తెచ్చుకొనిరి. 1990ల నడుమనుండి ఈ క్రొత్త పెట్టె విమానములలో ప్రవేశించినది. ఇది ఎదుట కొండ ఉన్నదని ఒక నిమిషము ముందుగానే జాగ్రత్త చెప్పగలదు. ఇంకను దగ్గరైనప్పుడు "పుల్ అప్" అని, అనగా పైకి లేపుమని, ఆజ్ఞాపించును. బేట్‌మన్ 2023లో మరణించెను. ఆయన మూలముగా బ్రతికినవారిలో తాము బ్రతికితిమని ఎరిగినవారు బహు కొద్దిమంది.

ఆ కేక వినబడినప్పుడు చేయవలసినదియు గాలికి చేసినదానివంటిదే. యంత్రపు చోదనను తీసివేసి, చేతితో పట్టుకొని, పూర్తి బలమిచ్చి, రెక్కలను సమముచేసి, ముక్కును పైకెత్తవలెను. బోయింగు విమానములలో 20 డిగ్రీలకు. ఎందుకు మ్రోగినదని ఆలోచించుట తరువాతి మాట. పట్టపగలు, తేటగా, ఎదుట ఏ అడ్డును లేదని కన్నులార చూచుచున్నప్పుడు తప్ప, ముందు లేపి పిమ్మట విచారించుట వారి విధి.

1995 డిసెంబరు 20న కొలంబియా దేశములో కాలీ పట్టణమునకు అమెరికన్ వారి 965వ విమానము పోవుచుండెను. రాత్రివేళ త్రోవ తప్పి కొండల నడుమకు దిగినది. అందులో ఉన్నది పాత పెట్టె. పండ్రెండు సెకండ్లో ఎంతో ముందు కేక వేసినది. పైలట్లు ఆలస్యము చేయలేదు. బలమంతయు ఇచ్చిరి, ముక్కును ఎత్తిరి. అయితే అంతకుముందు త్వరగా దిగుటకై వారు స్పీడ్ బ్రేకులు తెరచియుండిరి. మన రోడ్డుమీద గుట్టవలె పోసినది కాదు. విమానపు రెక్కలమీద గాలిని ఆపుటకు లేచు పలకలకు ఆ పేరు. వాటిని మూయుట వారికి జ్ఞాపకము రాలేదు. విమానము లేచుచునే, వెనుకకు లాగు పలకలతోనే, కొండ శిఖరము దగ్గర చెట్లను తాకినది. 159 మంది పోయిరి; నలుగురు మిగిలిరి. ఆ పలకలను వెంటనే మూసియున్నచో కొండను దాటగలిగియుండెడిదేమో యని విచారణ చేసినవారు లెక్కలు కట్టి చూచిరి. అందుకే నేడు ఆ కంఠస్థ క్రమములో "స్పీడ్ బ్రేకులు ఉన్నవేమో చూడుము" అను మాట కలదు. వీరు లోబడనివారు కారు. లోబడిరి, పూర్తి బలముతో లోబడిరి. ఒక్కటి మాత్రము తెరచి మరచిరి. ఈ సంగతి చదివిన దినమున నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని.

మరియొక రీతివారును ఉన్నారు. 2012 మే 9న ఇండోనేషియాలో సుఖోయ్ వారి క్రొత్త విమానమొకటి కొనువారికి చూపుటకై ఎగిరినది. పైలటు అనుభవశాలి. మేఘములో సలాక్ కొండ దగ్గర పెట్టె కేక వేసినది. పటములలో ఏదో తప్పున్నదని తలంచి ఆయన దానిని ఆపివేసెను. మొదటి కేకకును, కొండను కొట్టుకొనుటకును నడుమ 38 సెకండ్లు ఉండెను. వాటిలో 24 సెకండ్లలోపల పైకి లేపియున్నను తప్పించుకొనియుండెదరని విచారణలో తేలినది. 45 మంది చనిపోయిరి. ఆయన దుర్మార్గుడు కాడు, నిద్రపోయినవాడు కాడు. కేక విన్నాడు, విని దానికి తీర్పు తీర్చినాడు.

2010 జూలై 28న పాకిస్తానులో ఇస్లామాబాదు దగ్గర మర్గల్లా కొండలలో జరిగినది ఇంతకన్న నన్ను కలవరపరచుచున్నది. చివరి 70 సెకండ్లలో పెట్టె 21 మారులు హెచ్చరించినది. ప్రక్కనున్న చిన్న పైలటు కొండను గూర్చి ఎరిగియుండెను. ఎడమకు తిప్పుమని, పైకి లేపుమని, "సర్" అను గౌరవము తప్పక పెద్ద పైలటును బతిమాలెను. కాని చెయ్యి చాచి తానే లేపలేదు. ఏలయనగా ప్రయాణము మొదలైన తరువాత ఇంచుమించు ఒక గంటసేపు ఆ పెద్ద పైలటు అతనికి పరీక్ష పెట్టి, కఠినముగా మాటలాడి, అతని ధైర్యమును చంపివేసియుండెనని విచారణ నివేదికలో వ్రాయబడినది. 152 మంది. మన దేశములోను ఆ సంవత్సరమే మే 22న, దుబాయినుండి మంగుళూరుకు వచ్చిన విమానములో చిన్న పైలటు దిగవద్దు, మరల పైకి పోదమని మూడుమారులు చెప్పెను. 158 మంది చనిపోయిరి. వారిలో ఎక్కువమంది మనవారివలెనే పొట్టకూటికై గల్ఫు పోయి ఇంటికి తిరిగి వచ్చుచున్నవారు.

సంఘ పెద్దలారా, ఇది మన ఇండ్ల సంగతి కాదా? మనయొద్ద చిన్నవాడు పెద్దవానికి ఎదురు చెప్పుట మర్యాద కాదు. ఆ మర్యాద మంచిదే. నేనును అందులోనే పెరిగినవాడను. అయితే తండ్రి త్రాగుడులో పడుచున్నాడని మొదట చూచునది పదేండ్ల కూతురు. పెండ్లికొడుకు ఇంటివారి మాటలలో మోసమున్నదని ముందు గ్రహించునది కోడలు. సంఘపు డబ్బు లెక్క కుదురుటలేదని ఎరుగునది ఆ పుస్తకము వ్రాయు కుర్రవాడు. వారు ఒకసారి మెల్లగా చెప్పుదురు. మనము ఒక చూపు చూతుము. రెండవసారి చెప్పరు. రాజులు రెండవ గ్రంథము 5వ అధ్యాయములోని నయమాను మహా సేనాధిపతి. కోపముతో వెనుకకు తిరిగిపోవుచుండెను. అతని సేవకులు దగ్గరకు వచ్చి, తండ్రీ యని పిలిచి, వినయముతోనే అతనిని వారించిరి. అతడు విని నదిలో దిగెను. అంత కోపములోను సేవకులు దగ్గరకు రాగలిగిరనగా, అంతకుముందు వారికి అతడు ఎట్టి యజమానుడుగా ఉండెనో ఆలోచించుడి. ఇస్లామాబాదు విమానములో ఆ గంటసేపు పరీక్ష లేకుండిన యెడల ఏమై యుండెడిదో ఎవరు చెప్పగలరు?

లోకస్థులు ఈ పాఠమును మనకంటె ముందు నేర్చుకొనిరని చెప్పుటకు నాకు కొంచెము సిగ్గు. 1979లో అమెరికాలోని నాసా వారు ఈ విషయముమీదనే ఒక సభ చేసిరి. ఆ పిమ్మట విమాన సంస్థలు చిన్న పైలటు ఎట్లు గట్టిగా చెప్పవలెనో, వినకున్న ఎట్లు తానే కాడి పట్టుకొనవలెనో నేర్పుట మొదలుపెట్టినవి. పెద్ద పైలటుకు మౌనముగా వినుట నేర్పుచున్నారు. అది కష్టతరమైన పాఠమట.

ఆ తల్లి మరియొక మాట అడిగినది. "దేవుడే కాపాడాలి కదండీ, ఈ పెట్టెలు, ఈ క్రమాలు ఎందుకు?" అని. మన విశ్వాసులలో మందులను గూర్చియు, మెదడువాపు టీకాలను గూర్చియు ఇట్లే పలుకువారు కొందరున్నారు. పౌలునొద్ద దేవదూత నిలిచి, ఓడలోని వారందరి ప్రాణములు నీకు ఇయ్యబడినవని అభయమిచ్చిన సంగతి ఈ అధ్యాయములోనే ఉన్నది. అయినను ఆ తరువాత పౌలు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. మధ్యరాత్రి ఓడవారు నీటి లోతును కొలిచి చూచిరి. మొదట ఇరువది బారలు, పిమ్మట పదునైదు. నేల దగ్గరపడుచున్నదని వారికి తెలిసినది. బేట్‌మన్ పెట్టె చేయు పనియు ఈ కొలతయే గదా. అప్పుడు నావికులు కొందరు, ముందు లంగరులు వేయబోవుచున్నట్లు నటించి, చిన్న పడవను దింపి తమ మట్టుకు పారిపోవ చూచిరి. పౌలు దానిని కనిపెట్టి శతాధిపతితో, వీరు ఓడలో లేని యెడల మీరు బ్రతుకరని చెప్పెను.

మంచిరేవులలో ఈ ఖైదీ మాట వినని శతాధిపతి ఇతడే. ఈసారి అతడు నావికుని పిలిచి అడుగలేదు. ఓడ యజమానునితో ఆలోచన చేయలేదు. అతని సైనికులు కత్తులు దూసి త్రాళ్ళు కోసిరి. పడవ చీకటిలో కొట్టుకొనిపోయినది. ఓడలో 276 మంది ఉండిరి. తెల్లవారిన తరువాత వారందరును ఒడ్డున ఉండిరి.